కండెల కాలమ్

తిరుపతి,
8 ఫిబ్రవరి 1987

చిన్నమ్మకు,

మునిలక్ష్మి నమస్కరించి రాసేది. నా ఒళ్ళు బాగానే ఉంది, హాస్టలు సాంబారు తప్ప ఇక్కడ నాకు శత్రువులు లేరు. నువ్వు ఇచ్చి పంపిన చింతకాయ తొక్కు మూడో రోజుకే అయిపోయింది. మా గదిలో నలుగురం కదా, ముగ్గురు దొంగలు.

కంప్యూటరు క్లాసు మొదలైంది. తిలక్ రోడ్డులో మేడ మీద గది. నాలుగు మెషీన్లు, పన్నెండు మందిమి. ప్రతి మెషీనుకూ పసుపు బొట్టు పెట్టారు. మా సారు పేరు ధనంజయ. గొంతు పెద్దది, మనసు మంచిది.

ఈ వారం నేర్చుకున్నది నీకు చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. మెషీనులో ఒక పట్టిక చేస్తాం. అడ్డంగా ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క వరస, నిలువుగా కాలమ్‌లు. సారు మా చేత పిల్లల మార్కుల పట్టిక చేయించారు. పేరు, తెలుగు, లెక్కలు, సైన్సు, అంతే. మొత్తం మార్కులకు కాలమ్ లేదు. 'మొత్తం ఎక్కడ సార్?' అని అడిగాను. ఆయన నవ్వి, 'లిస్ట్' అనే ఆజ్ఞ కొట్టి, పక్కన పేరు, ఆ తరువాత మూడు కాలమ్‌ల పేర్లూ మధ్యలో కూడిక గుర్తులు పెట్టి కొట్టమన్నారు. కొట్టాను. తెర మీద పేర్లూ, వాటి పక్కన మొత్తాలూ వరసగా దిగాయి. పట్టికలో లేని కాలమ్, చిన్నమ్మా. మనం అడిగినప్పుడు లెక్క కట్టి చూపిస్తుంది. చూపించాక దాన్ని ఎక్కడా దాచుకోదు.

మా బ్యాచిలో ఒకడు తెలివి చూపించబోయి మొత్తానికి కూడా కాలమ్ పెట్టి చేత్తో అంకెలు కొట్టాడు. తరువాత ఒక పిల్ల సైన్సు మార్కు దిద్దాడు, మొత్తం దిద్దడం మరిచిపోయాడు. సారు చూసి, "మార్కు మార్చినావు, మొత్తం యాడ మార్చినావబ్బా? ఇప్పుడు ఏది నమ్మాల నేను? లెక్క కట్టి తెలుసుకోదగ్గ దాన్ని రాసిపెట్టొద్దు, అడుగు" అన్నారు. ఆ మాట నాకు భలే నచ్చింది.

నాయన జాబులో 'మీ చిన్నమ్మ ఇంటి సంగతి సంఘంలో నడుస్తా ఉండాది' అని ఒక్క ముక్క రాసి వదిలేశాడు. ఏమిటది? నాకు వివరంగా రాయి.

నీ
మునిలక్ష్మి


నగరి,
20 ఫిబ్రవరి 1987

పాప మునిలక్ష్మికి,

చిన్నమ్మ దీవెనలు. తొక్కు మళ్ళీ పంపుతాను, ఈసారి తాళం కూడా పంపుతాను.

ఇంటి సంగతి అడిగావు. మేమున్నది చేనేత సహకార సంఘం కాలనీ ఇల్లు కదా. మగ్గం నేసే సభ్యుడని మీ చిన్నాయనకు ఇచ్చారు. ఆయన పోయి రెండేళ్ళయింది. 'సభ్యుడు లేడు కాబట్టి జూన్ ఆఖరు లోపల ఇల్లు ఖాళీ చేయాలి' అని నోటీసు అంటించి పోయారు. కింద రెండు సంతకాలు ఉన్నాయి. ఎవరివైతే నాకేం, నేను కదిలేది లేదు.

నేను ఊరుకుంటానా. సంఘం ఆఫీసుకు పోయాను. ప్రెసిడెంటు చెంగల్రాయుడు చాప మీద కూర్చుని వక్కాకు వేస్తున్నాడు.

"సభ్యుడు పోయినాడు గదమ్మా. ఇల్లు సంఘానిది. నేనేం చేసేది?" అన్నాడు.

"నన్ను సభ్యురాలిగా చేర్చుకో. ఇల్లు నాకే ఉంటాది."

"నువ్వు ఎప్పుడన్నా మగ్గం ఎక్కినావా సిద్దమ్మా?"

"ఎక్కినోళ్ళకు కండెలు యాడి నుంచి వస్తాయప్పా? నూలు చిలప తెచ్చి నాడెలో కుక్కుతారా?"

"కండెలు చుట్టేది ఇంటి పని. అన్నం వండినట్టు, కల్లాపి చల్లినట్టు."

నాకు ఒళ్ళు మండింది. మీ చిన్నాయన పెట్టెలో సంఘం నిబంధనల పుస్తకం ఉంది, నేను ఎనిమిదో తరగతి దాకా చదివిన దాన్ని. అందులో పదో నిబంధన ఏముందంటే, ఏడాదిలో నూరు రోజులు నేతపని గానీ, నేతకు ముందు చేసే పని గానీ చేసినవారు ఎవరైనా సభ్యులు కావచ్చు. ఆడ, మగ అని లేదు. అదే చెప్పాను.

ఆయన తాపీగా, "ఉండాది, నేను కాదన్నానా? నువ్వు నూరు దినాలు చేసినట్టు ఏ పుస్తకంలో రాసుండాదో చూపించు, చేర్చుకుంటాము" అన్నాడు.

ఎక్కడ రాసి ఉంటుంది పాపా? సంఘం పుస్తకంలో మగ్గం నంబరు, మగవాడి పేరు, దిగిన చీరలు, అంతే. పెళ్ళయిన మర్నాటి నుంచి రాట్నం ముందర కూర్చుని, చిలపల్లోని నూలును నాడెలో పట్టే కండెలకు చుడుతూనే ఉన్నాను. మీ చిన్నాయన పోయాక మునెమ్మ వాళ్ళ పెళ్ళికాని చిన్న కొడుకు మగ్గానికీ, ధనంజయులు మగ్గానికీ నేనే చుడుతున్నాను. (ఈ ధనంజయులు మీ సారు కాదు, మా వెనక వీధి.) ఒక్క కండె కూడా ఏ పుస్తకంలోనూ లేదు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఎవరూ రాయని మొత్తాన్ని మెషీను చెప్పిందన్నావు. అయితే ఎవరూ రాయని నా కండెలను చెబుతుందా? వేళాకోళానికి అడగడం లేదు.

మీ చిన్నమ్మ
సిద్ధమ్మ


తిరుపతి,
1 మార్చి 1987

చిన్నమ్మకు,

చెబుతుంది. నీ ఉత్తరం పట్టుకుని సారు దగ్గరికి పరుగెత్తాను. ఆయన మొత్తం చదివి, ఆదివారం ఉదయాలు ఒక మెషీను నాకు వదిలేస్తానన్నారు. 'మార్కులతో విసుగొచ్చింది, ఇది చెయ్యి' అన్నారు.

కానీ మెషీనుకు దివ్యదృష్టి లేదు. ఏ అంకెల నుంచి లెక్క కట్టాలో ఆ అంకెలు ముందు పట్టికలో ఉండాలి. నాకు కావలసినవి రాస్తున్నాను. ఏ మగ్గం మీద నిరుడు ఎన్ని చీరలు దిగాయో. ఆ రకం చీరకు ఎన్ని కండెలు పడతాయో. ఒక మనిషి వంటా వార్పూ చూసుకుంటూ రోజుకు ఎన్ని కండెలు చుట్టగలదో. ఏ మగ్గానికి ఎవరు చుడతారో. ఇవి ఉంటే చాలు. చీరలను చీరకు పట్టే కండెలతో గుణించమని అడిగితే కండెల కాలమ్ వస్తుంది. దాన్ని రోజుకు చుట్టే కండెలతో భాగించమంటే పనిరోజుల కాలమ్ వస్తుంది. రెండూ ఎవరూ రాసినవి కావు. అయినా సంఘం వాళ్ళు ఏటా గోడకు అంటించే చీరల లెక్కలోంచే పుడతాయి కాబట్టి, వాటిని కాదనాలంటే ముందు వాళ్ళ లెక్కను వాళ్ళే కాదనాలి.

నీ ఒక్కదానికే ఎందుకు? పేటలో కండెలు చుట్టే ఆడవాళ్ళందరికీ చేద్దాం. నువ్వొక్కదానివే పోతే సిద్ధమ్మకు పొగరు అంటారు. అందరూ పోతే ఏమంటారో చూద్దాం.

ఒకే ఒక్క మాట. అందాజుగా ఏదీ రాయొద్దు. మనం ఒక్క చోట ఎక్కువ వేసుకున్నా ఆ ప్రెసిడెంటు దాన్ని పట్టుకునే వేలాడతాడు.

నీ
మునిలక్ష్మి


నగరి,
22 మార్చి 1987

పాపకు,

దీవెనలు. నువ్వు అడిగినవన్నీ ఇందులో పెట్టాను, కవరు పొట్ట పగలకుండా అందితే చాలు.

నిరుటి చీరల జాబితా సంఘం గోడకు అంటించి ఉంది. పట్టపగలు పోయి, గోడ ముందర స్టూలు వేసుకుని కూర్చుని రాసుకున్నాను. గుమాస్తా కుప్పుస్వామి బయటికి వచ్చి, "ఏంటికి రాస్తా ఉండావు సిద్దమ్మా?" అన్నాడు.

"గోడకు అంటించింది చదివేదానికే గదా?"

"చదువు. రాసేది ఏంటికి?"

"నాకు మతిమరుపు" అన్నాను. పాపం, తల గోక్కుని లోపలికి పోయాడు. కాసేపటికి చెంగల్రాయుడే వచ్చాడు. కోపం వస్తే ఆయన అరవంలోకి దిగుతాడు కదా, రెండు మాటలు అరవంలో అన్నాడు. నాకు వచ్చిన అరవంలో నేను నాలుగు అన్నాను. నగరిలో పుట్టినదానికి ఆ మాత్రం రాదా.

చీరకు ఎన్ని కండెలో తేల్చడానికి పెద్ద గొడవే అయింది. మునెమ్మ యాభై అంటుంది, మీ అమ్మ ముప్పై ఐదు అంటుంది. చివరికి మునెమ్మ తిన్నె మీద అందరం కూర్చుని చుట్టి, ఒక చీర దిగేదాకా ఖాళీ అయిన కండెలను గంపలో వేసి లెక్కపెట్టాం. మామూలు నూలు చీరకు నలభై. ముతక రకానికి నలభై ఆరు. రోజుకు ఎన్ని అన్నదీ అట్లాగే చూశాం. పొద్దున నీళ్ళకు పోయి, వండి, పిల్లలను బడికి పంపి, మధ్యాహ్నం మళ్ళీ కూర్చుంటే యాభై. యాభై ఐదు వేద్దామని ఒకామె అంది. ఎక్కువ చుడతామని వేస్తే రోజులు తగ్గుతాయే పిచ్చిదానా అని మీ అమ్మ చెప్పింది. అప్పుడు ఆమె నలభై వేద్దామంది. యాభై దగ్గరే ఆపాను.

ఎవరు ఏ మగ్గానికి చుడతారో ఇల్లిల్లూ తిరిగి అడిగి, వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాశాను. మొత్తం ముప్పై ఒక్కమంది. తొందరగా చెయ్యి.

సిద్ధమ్మ


తిరుపతి,
12 ఏప్రిల్ 1987

చిన్నమ్మకు,

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. విను.

రెండు ఆదివారాలు కూర్చుని అంతా ఎక్కించాను. మెషీనుకు తెలుగు రాదు, పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాను. ఎవరు చుట్టారో ఆ పేరు ఎదురుగా ఏ మగ్గానికి చుట్టారో ఉంది కదా. ఆ మగ్గం ఏ మగవాడిదో ఆ పేరును మెషీను చీరల జాబితాలో వెతికి, చీరలు తీసుకుని, గుణించి, భాగించి చెప్పాలి. అడిగాను. నీ వరస చక్కగా వచ్చింది. తరువాత చూస్తే అమ్మ పేరు ఎదురుగా సున్నా. మునెమ్మ కోడలికి సున్నా. వరసగా పంతొమ్మిది మందికి సున్నా, సున్నా, సున్నా.

సారూ నేనూ గంటసేపు తలలు బద్దలు కొట్టుకున్నాం. గుణకారం తప్పా, భాగహారం తప్పా అని చూస్తే ఏదీ తప్పు కాదు. చివరికి ఆయన నువ్వు పంపిన కాగితం తీసి చదివి, కుర్చీలో వెనక్కి వాలి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు. మగ్గం ఎవరిది అని అడిగితే ఆ పంతొమ్మిది మందీ మొగుడి పేరు చెప్పకుండా 'ఇంటాయన' అన్నారు. నువ్వు చెప్పింది చెప్పినట్టు రాశావు. నేను చూసింది చూసినట్టు కొట్టాను. సంఘం జాబితాలో ఇంటాయన అనే నేతగాడు లేడు. లేనివాడికి చీరలు సున్నా. సున్నాను ఎన్ని కండెలతో గుణించినా సున్నానే. పక్కింటి మగ్గానికి చుట్టినవాళ్ళకు మాత్రం లెక్క సరిగ్గా వచ్చింది, ఎందుకంటే పక్కింటి మగవాడి పేరు చెప్పడానికి ఎవరికీ సిగ్గు లేదు.

వాళ్ళ చేత పేర్లు చెప్పించే పని పెట్టుకోకు. ప్రతి ఇంటి గడప పైన మగ్గం నంబరు రంగుతో రాసి ఉంటుంది కదా, అది చూసి నంబర్లు పంపు. చీరల జాబితాలోనూ నంబరు ఉంది, ఈసారి నంబరుతో వెతికిస్తాను.

మొన్న నాయన తిరుపతికి వచ్చి వెళ్ళాడు. ఏమీ లేదు, ఊరికే చూసి పోదామని వచ్చాడట.

నీ
మునిలక్ష్మి


నగరి,
26 ఏప్రిల్ 1987

మునిలక్ష్మికి,

నంబర్లు పంపుతున్నాను. ఇంటాయన సంగతి చెబితే పేటంతా రెండు రోజులు నవ్వింది. మునెమ్మ మాత్రం నవ్వలేదు. "నలభై ఏండ్లు ఆయప్ప పేరు చెప్పకుండా గౌరవం ఇస్తిని. దానికి నాకు సున్నానా?" అంది. నాకూ నవ్వు ఆగిపోయింది.

ఇక అసలు మాట. నాయన ఊరికే వచ్చి పోయాడని రాశావు. నువ్వు అబద్ధం రాయడం నేర్చుకోవడానికా తిరుపతికి పోయింది? మీ అమ్మ వచ్చి నాతో అంతా చెప్పింది. సంఘం డైరెక్టరు కూతురై ఉండి సంఘం మీదికి లెక్కలు తీస్తావా, ఆ పని మాను, మానకపోతే క్లాసు మాన్పించి ఇంటికి తెస్తానని ఆయన చెప్పాడట కదా. నువ్వు తలొంచుకుని నిలబడ్డావట.

నేనూ ఒకటి దాచాను కాబట్టి నిన్ను మరీ అనలేను. నోటీసు కింద రెండు సంతకాలు ఉన్నాయన్నాను కదా. ఒకటి చెంగల్రాయుడిది. రెండోది మీ నాయనది. మునిరామయ్య అని కొక్కెం తిప్పి పెట్టే సంతకం, నేను గుర్తుపట్టనా. ఆయన నాకు అక్క మొగుడు. మీ చిన్నాయన పోయిన రోజు ఈ గడప మీద కూర్చుని, సిద్ధమ్మకు నేను లేనా అన్న మనిషి. నీ మనసు కష్టపెట్టడం ఎందుకని ఇన్నాళ్ళూ రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను, నాకు కోపం వచ్చింది కాబట్టి.

నీకు భయమైతే ఆ ముక్క ఇప్పుడే చెప్పు. నిన్నేమీ అనను. పలక తీసుకుని ముప్పై ఒక్క మందికీ నేనే గుణిస్తాను. తప్పులు వస్తే రానీ. నా ఇల్లు నేను ఒకరి దయతో నిలబెట్టుకోను, నీ దయతో కూడా.

సిద్ధమ్మ


తిరుపతి,
10 మే 1987

చిన్నమ్మా,

నీ ఉత్తరం చదివి ఒక పూట అన్నం తినలేదు. తరువాత తిన్నాను, ఆకలితో కోపం నిలవదు.

నాయన అడిగినప్పుడు వింటాననీ చెప్పలేదు, విననని చెప్పే ధైర్యమూ లేకపోయింది. ఆ సంతకం సంగతి తెలియదు కదా. ఇప్పుడు తెలిసింది, ఈ రోజే ఆయనకు జాబు వేశాను. 'నువ్వు చెప్పిన మాట నేను వినను నాయనా. క్లాసు మాన్పిస్తే మాన్పించు. నేర్చుకున్నది వెనక్కి తీసుకోలేవు' అని రాశాను. రాశాక రెండుసార్లు చింపబోయాను. అయినా పోస్టు చేశాను.

నంబర్లు ఎక్కించాను. మగ్గం కాలమ్ ఒక్కటే దిద్ది మళ్ళీ అడిగితే పంతొమ్మిది సున్నాలూ అంకెలైపోయాయి. ఒక్క మొత్తాన్ని కూడా నేను చెరిపి దిద్దవలసిన పని రాలేదు, ఎందుకంటే ఒక్క మొత్తాన్ని కూడా నేను రాసిపెట్టలేదు.

కాగితం ఇందులో ఉంది. రెండు అంచులా చిల్లులుండే కాగితం, చింపకు. ఇంగ్లీషు పేర్ల పక్కన తెలుగు పేర్లు నేను పెన్నుతో రాశాను. నీది చూడు, రెండు మగ్గాలకు కలిపి మూడు వందల చీరలు, పన్నెండు వేల కండెలు, రెండు వందల నలభై రోజులు. మీ అక్క, అంటే మా అమ్మ, మా నాయన మగ్గానికి నూట అరవై చీరలు, నూట ఇరవై ఎనిమిది రోజులు. అది ఒక్క కండె కూడా కలపకుండా వచ్చిన లెక్క. ముప్పై ఒక్క మందిలో నలుగురికి నూరు రోజులు నిండలేదు. వాళ్ళను చేర్చి రాయొద్దు.

నా దయ నీకు అక్కర్లేదన్నావు. సరే, ఇది దయ కాదు. ఆ కాగితంలో మా అమ్మ పేరు కూడా ఉంది.

మునిలక్ష్మి


నగరి,
18 జూన్ 1987

పాపా,

తొందరలో రాస్తున్నాను. సర్వసభ్య సమావేశం ఈ నెల 28న అన్నారు. మన కాగితం సంగతి చెంగల్రాయుడికి తెలిసిపోయింది. నిన్న పాత చీరల జాబితా పీకేసి కొత్తది అంటించాడు. నేతలో తప్పులున్న రెండో రకం చీరలు తీసేసి దిద్దామని అంటున్నాడు. దాదాపు ప్రతి మగ్గానికీ చీరలు తగ్గాయి. ఇప్పుడు గోడ మీద ఒక లెక్క, మన చేతిలో ఒక లెక్క. సమావేశంలో నిలబడి, సూడండప్పా, ఈళ్ళ మెషీను చెప్పేది అబద్ధం అనాలని ఆయన ఎత్తు.

ఆడవాళ్ళు దిగాలుపడి కూర్చున్నారు. మళ్ళీ మొదటి నుంచి అంతా చెయ్యాలంటే పది రోజులు సరిపోతాయా? కొత్త జాబితా మొత్తం రాసి పెట్టాను. ఈసారి రాస్తుంటే కుప్పుస్వామి బయటికి రాలేదు. లోపలి నుంచే స్టూలు పంపించాడు.

ఒక మంచి కూడా జరిగింది. చీరలు కొట్టేసినందుకు మగవాళ్ళు సంఘం మీద మండిపడుతున్నారు. మీ నాయనకు పది చీరలు పోయాయి.

సిద్ధమ్మ


తిరుపతి,
22 జూన్ 1987

చిన్నమ్మా,

దిగులు అక్కర్లేదు. చీరల కాలమ్‌లో కొత్త అంకెలు కొట్టి, అదే ప్రశ్న మళ్ళీ అడిగాను. కండెలూ రోజులూ వాటంతట అవే మారి వచ్చాయి. కింద టీ కొట్టులో సారు టీ తాగి పైకి వచ్చేలోపల కాగితం అచ్చయిపోయింది. చెంగల్రాయుడు ఇంకో నాలుగుసార్లు జాబితా మార్చినా మార్చుకోమను. ఆయన గోడ మీద ఏ అంకె అంటిస్తే ఆ అంకె నుంచే మన లెక్క పుడుతుంది.

కొత్త లెక్కలో ఇంకో ఇద్దరు నూరుకు తగ్గారు. ఇప్పుడు మొత్తం ఇరవై ఐదుగురు. నీకు రెండు వందల ఇరవై నాలుగు, అమ్మకు నూట ఇరవై. పాత కాగితం, కొత్త కాగితం రెండూ పట్టుకుని పో. రిజిస్టరు పోస్టులో పంపుతున్నాను.

మెషీను మాట మేము నమ్మం అని ఎవరైనా అంటే, వాళ్ళకు నచ్చిన వరస వేలు పెట్టి చూపించమను. ఆ వరస పలక మీద నువ్వే గుణించి భాగించి చూపించు. ఇందులో మెషీను గొప్ప ఏమీ లేదు. ఎవరైనా ఎప్పుడైనా కట్టగలిగిన లెక్క ఇది. ఇన్నేళ్ళూ ఎవరూ అడగలేదు, అంతే.

ఆ రోజు నాకు పరీక్ష. లేకపోతే మొదటి బస్సుకే వచ్చేదాన్ని. నాయన నా జాబుకు జవాబు రాయలేదు. క్లాసు కూడా మాన్పించలేదు.

మునిలక్ష్మి


నగరి,
2 జూలై 1987

పాప మునిలక్ష్మికి,

చిన్నమ్మ దీవెనలు. నింపాదిగా రాస్తున్నాను, ఇక తొందర లేదు.

సమావేశం సంఘం షెడ్డులో. ఆడవాళ్ళు ఎప్పుడూ బయట చింతచెట్టు దగ్గర నిలబడి కిటికీలోంచి వినాలి. ఈసారి అందరం చాపలు చంకన పెట్టుకుని లోపలికి పోయి ముందు వరసలో పరుచుకుని కూర్చున్నాం. నూరు నిండని ఆరుగురూ కూడా వచ్చారు. ఎవరూ లేపలేదు.

నేను అనుకున్నట్టే అయింది. చెంగల్రాయుడు లేచి, గోడ మీద ఒకటి, ఈళ్ళ దగ్గర ఒకటి అని మొదలుపెట్టాడు. కొత్త కాగితం చేతిలో పెట్టాను. కుప్పుస్వామి గోడ జాబితా పీకి తెచ్చి వరస వరసా సరిచూశాడు. ఒక్కటి కూడా తేడా లేదని పైకే చెప్పాడు. మూడు వరసలు నా చేత పలక మీద కట్టించారు. కట్టాను.

అప్పుడు చెంగల్రాయుడు దారి మార్చాడు. "లెక్క సరే. ఇన్ని కండెలు పట్టింది నిజమే. చుట్టింది ఈళ్ళేనని ఎవురు చెప్పాల? మునిరామయ్యా, నువ్వు డైరెక్టరువి, నువ్వు చెప్పప్పా. మీ ఇంట్లో నూట ఇరవై దినాల పని శకుంతలమ్మ చేసినాదంట. నిజమేనా?" అన్నాడు. మీ నాయన కాదంటాడని ఆయన ధైర్యం. సంతకం పెట్టిన మనిషి కదా.

మీ నాయన నేల చూపులు చూశాడు. ఆ ఒక్క మనిషి కాదంటే మిగతా మగవాళ్ళంతా కాదనేవాళ్ళు, నెలాఖరుకు నా సామాను వీధిలో ఉండేది.

మా అక్క లేచి నిలబడింది. ఆమె పదిమందిలో నోరు తెరవగా నేను ఎప్పుడూ చూడలేదు. "కాదంటే కాదని చెప్పు. ఆ కండెలు చుట్టింది ఎవురో అది గూడా చెప్పు. రేపట్నించి ఆయమ్మనే పిలిపించుకో, నేను రాట్నం ముట్టను" అంది.

మీ నాయన తలెత్తి, "ఆయమ్మే చుట్టింది. నేను మగ్గం ఎక్కినకాడి నుంచీ ఆయమ్మే చుడతా ఉండాది" అన్నాడు. నిండు మనసుతో చెప్పాడో, పది చీరలు కొట్టేశారన్న కోపంతో చెప్పాడో నాకు తెలియదు, అక్కర్లేదు. ఆ తరువాత ఒక్కొక్క మగవాడూ మా ఇంట్లో కూడా అని చెయ్యెత్తాడు. చెంగల్రాయుడు అరవంలోకి దిగాడు గానీ ఎవరూ వినలేదు. ఇరవై ఐదుగురినీ సభ్యులుగా రాసుకున్నారు. ఇకమీదట నూలు ఇచ్చే చీటీలో చుట్టేవాళ్ళ పేరు కూడా రాయాలని తీర్మానం చేశారు. నా నోటీసు రద్దు. నూరు నిండని ఆరుగురూ వచ్చే ఏడాదికి పేరు పేరునా చీటీలు దాచుకుంటామన్నారు.

నిన్న పొద్దున మీ నాయన నూలు చిలపలు తెచ్చి అక్క ముందర పెట్టాడు. చీటీ చూస్తే అలవాటు ప్రకారం తన పేరొక్కటే రాయించుకొచ్చాడు. అక్క ముట్టలేదు. ఆయన వాటిని తెచ్చి మా ఇంటి తిన్నె మీద పెట్టి, "నువ్వన్నా చుట్టు సిద్దమ్మా, మగ్గం నిలిచిపోయింది" అన్నాడు.

"అక్క పేరు రాయించుకొని అక్కకే ఇయ్యి బావా" అని చిలపలు తిరిగి ఆయన చేతిలోనే పెట్టాను.

తీసుకుని పోయాడు. సాయంత్రం మళ్ళీ వచ్చాడు. చీటీ నాకు చూపించాడు, శకుంతలమ్మ అని కుప్పుస్వామి చేతిరాత. చూపించాక కూడా పోలేదు. మెట్టు దిగువనే నిలబడి ఉన్నాడు. నిన్నటి దాకా ఈ రెండేళ్ళలో నోటీసు అంటించడానికి తప్ప సంఘం పెద్దలెవరూ ఆ మెట్టు దగ్గరికి రాలేదు.

"లోపలికి రావచ్చునా?" అన్నాడు.

తలుపుకు అడ్డంగా ఉన్న రాట్నం పక్కకు జరిపాను.

"రా బావా. ఇది నా ఇల్లు" అన్నాను.

మీ చిన్నమ్మ
సిద్ధమ్మ